బీరువాలోని పెళ్ళి డిస్కులు, ఇంటి కంప్యూటరులోని మీడియా ప్లేయరు

2000వ దశకంలో హోసూరు, బళ్ళారి, రాయగడ, సిరొంచ, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పెళ్ళి అయిన కొద్ది వారాలకు స్టూడియోవారు రెండు మూడు వీసీడీలు తెచ్చి ఇచ్చేవారు. ఆ డిస్కులు నేటికీ అనేక ఇళ్ళలో బీరువా పై అరలోనే ఉన్నాయి. వాటిని ఆడించిన వీసీడీ ప్లేయర్లు మూలపడ్డాయి. కొత్త ల్యాప్‌టాపులలో డిస్కు పెట్టే అరే లేదు. ఆ పెళ్ళి పందిరిలో పాట పాడిన అమ్మమ్మ, హరికథ చెప్పిన దాసుగారు, ఊరి నాటకంలో పద్యం ఎత్తిన తాత ఇప్పుడు లేకపోవచ్చు. వారి గొంతు, వారి యాస మిగిలి ఉన్నది ఆ డిస్కులోనే. అందుచేత మీడియా ప్లేయరు ఎంపిక ఈ కుటుంబాలకు కేవలం సినిమా చూసే ముచ్చట కాదు.

మీడియా ప్లేయరు అనగా కంప్యూటరులోని దృశ్య, శ్రవ్య ఫైళ్ళను విప్పి తెరపై చూపించి, స్పీకరులో వినిపించే సాఫ్ట్‌వేరు. ఫైలు పేరు చివర ఉండే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ వంటి గుర్తులను చూసి లోపలి సరుకును ఊహించరాదు. అవి గోనెసంచి మీది ముద్ర వంటివి. సంచి ఒకటే అయినా లోపల వడ్లు ఉండవచ్చు, రాగులు ఉండవచ్చు. లోపలి దృశ్యాన్ని కుదించిన పద్ధతిని కోడెక్ అంటారు. ఆ కోడెక్ తెలియని ప్లేయరు సంచిని తెరవగలదు గాని సరుకును గుర్తించలేదు. మాట వినిపించి బొమ్మ కనిపించకపోవడానికి కారణం సాధారణంగా ఇదే.

ఇటువంటి సమయంలో "ఈ కోడెక్ దింపుకొంటే వీడియో ఆడుతుంది" అని తెరపై కనబడే ప్రకటనను నమ్మరాదు. 2005 ప్రాంతం నుండి జ్లాబ్ అనే హానికర ప్రోగ్రాము సరిగ్గా ఇదే వేషంలో కంప్యూటర్లలోకి చొరబడింది. ఎత్తుగడ పాతదే అయినా నేటికీ దానికి మోసపోయేవారు ఉన్నారు. కోడెక్‌లను విడిగా వెతికే పని లేకుండా వాటిని తనలోనే ఇముడ్చుకొన్న ప్లేయరును ఎంచుకోవడం మేలు.

అట్టివాటిలో ముందు చెప్పవలసినది వీఎల్‌సీ. నారింజ రంగు రోడ్డు శంకువు దీని గుర్తు. పారిస్ సమీపంలోని ఒక ఇంజనీరింగ్ విద్యాలయపు విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని ఇది. 2001 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా అందరికీ ఉచితంగా లభిస్తున్నది. దీనిని వీడియోలాన్ సంస్థ సొంత వెబ్‌సైటు నుండే దింపుకోవాలి. 2022లో ఆ వెబ్‌సైటు మన దేశంలో కొన్ని నెలలపాటు తెరుచుకోలేదు. అదే ఏడాది నవంబరులో ఆ అడ్డంకి తొలగింది. కనుక పెన్‌డ్రైవులో ఎవరో ఇచ్చిన ప్రతిని వాడవలసిన అవసరం లేదు.

విండోస్‌తో పాటు వచ్చే ప్లేయరు పాటలు వినడానికి చాలు. అయితే 2012లో వచ్చిన విండోస్ 8 నుండి అది డీవీడీలను ఆడించడం మానివేసింది. డిస్కులే ప్రధానమైన ఇంటికి ఇది పెద్ద లోటు. పాతబడిన తక్కువ శక్తి గల కంప్యూటరుకు మీడియా ప్లేయర్ క్లాసిక్ హోమ్ సినిమా తేలికైనది. దాని మొదటి బృందం 2017లో పని విరమించినా, మరొకరు దానిని కొనసాగిస్తున్నారు. విండోస్ ఎక్స్‌పీ మాత్రమే ఉన్న పాత డెస్క్‌టాపులోనూ, సర్వీస్ ప్యాక్ 3 ఉన్నట్లయితే, వీఎల్‌సీ మూడవ సంచిక పనిచేస్తుంది. అటువంటి కంప్యూటరును ఇంటర్నెట్‌కు తగిలించకుండా డిస్కులు చూడడానికే ఉంచుకోవడం క్షేమం. 2014 ఏప్రిల్ తరువాత దానికి మైక్రోసాఫ్ట్ రక్షణ ఆగిపోయింది.

ఇక డిస్కుల సంగతి. వీసీడీని కంప్యూటరులో తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, దానిలో చివర డాట్ అని ఉండే పెద్ద ఫైళ్ళు కనిపిస్తాయి. పెళ్ళి వీడియో అంతా వాటిలోనే ఉన్నది. వాటిని హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి నేరుగా వీఎల్‌సీతో తెరవవచ్చు. ఒక వీసీడీలో సుమారు 74 నిమిషాల దృశ్యం పడుతుంది కనుక మూడు డిస్కుల పెళ్ళి కూడా చిన్న పెన్‌డ్రైవులో ఇమిడిపోతుంది. డీవీడీలో అయితే వీడియో_టీఎస్ అనే ఫోల్డరును మొత్తంగా కాపీ చేయాలి. అందులో వీడియో ఒక్కొక్కటి ఒక గిగాబైటు మించని ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క తప్పిపోతే తలంబ్రాలో అప్పగింతలో లేకుండా పోతాయి.

కాపీ మధ్యలో ఆగిపోతే డిస్కు చెడిపోయిందని వెంటనే పారవేయరాదు. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుండి అంచు వైపుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే ఆ గీతలు మరింత నష్టం చేస్తాయి. ఒక డ్రైవు చదవలేని డిస్కును మరొక డ్రైవు చదివిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ల్యాప్‌టాపు మాత్రమే ఉన్నవారు యూఎస్‌బీ డీవీడీ డ్రైవు తగిలించుకోవచ్చు.

పాత వీడియో కొత్త తెరపై వికారంగా కనిపిస్తే తప్పు చాలావరకు అమరికదే. వెడల్పాటి తెరకు సాగదీసినప్పుడు పెళ్ళికూతురి ముఖం గుమ్మడికాయలా అవుతుంది. వీఎల్‌సీలో ఏ మీటను 4:3 అని కనబడేవరకు నొక్కుతూ పోతే ముఖం యథాస్థితికి వస్తుంది. మనుషులు కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్ళ వంటి గీతలు వస్తే డీ మీట నొక్కాలి. టేపు కెమెరాతో తీసిన వీడియోలలో ఇది సహజం. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే కనుక మసకను ఏ ప్లేయరూ పోగొట్టలేదు. చిన్న కిటికీలో చూడడమే ఉత్తమం.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మిక్కిలి ఉపయోగపడేది భాష మార్చే సౌకర్యం. అనేక సినిమా డిస్కులలో ఒకే చిత్రానికి రెండు మూడు భాషల మాటలు ఉంటాయి. బీ మీట నొక్కితే ఒక భాష నుండి మరొక భాషకు మారుతుంది. ఉపశీర్షికలకు వీ మీట. మాట, పెదవుల కదలిక పొసగకపోతే జే, కే మీటలతోను, ఉపశీర్షిక ముందు వెనుకలైతే జీ, హెచ్ మీటలతోను సరిచేయవచ్చు.

తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత కృష్ణగిరి జిల్లా వంటి చోట్ల తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు పెరిగారు. తాత పాడిన పద్యాన్ని ఎస్ఆర్‌టీ ఫైలుగా రాసి వీడియో పక్కనే అదే పేరుతో ఉంచితే పద్యం పాదం వెంట పాదం తెర అడుగున కనిపిస్తుంది. తెలుగు లిపిలో ఒకటి, తమిళ లేదా కన్నడ లిపిలో మరొకటి రాసి వీ మీటతో మార్చుకోవచ్చు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించిన పాఠం ఇక్కడ పనికిరాదు. యూనికోడ్ కానందున తెరపై పిచ్చిగీతలే వస్తాయి.

పద్యం నేర్చుకొనే పిల్లలకు ఎడమ చదరపు బ్రాకెట్టు మీట మంచి సాయం. నొక్కినకొద్దీ వేగం కొంచెం కొంచెంగా తగ్గుతుంది గాని శ్రుతి మారదు. సమానం గుర్తు మీట నొక్కితే మామూలు వేగం వస్తుంది. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ తెరిస్తే ఏ-బీ అనే గుండీ కనిపిస్తుంది. ఎత్తుగడ వద్ద ఒకసారి, ముగింపు వద్ద ఒకసారి దానిని నొక్కితే ఆ ఒక్క పాదమే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. మూడవసారి నొక్కితే ఆవృత్తి ఆగుతుంది.

దూరాన ఉన్న బంధువుల ఫోనుకు పంపవలసి వస్తే మీడియా మెనూలోని కన్వర్ట్/సేవ్ ద్వారా ఎంపీ4గా మార్చవచ్చు. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత తరుగుతుంది. అందుచేత పంపడానికి వేరొక ప్రతి తయారుచేసి, డిస్కు నుండి దించిన మూల ఫైలును అలాగే ఉంచి, దాని నకలు ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో, మరొకటి వేరే ఊరిలోని ఆడపడుచు ఇంటిలో భద్రపరచాలి. ఫైలు పేరులో పెళ్ళివారి పేర్లు, ఊరు, సంవత్సరం తెలుగులోనే రాయవచ్చు. నేటి విండోస్ వాటిని చక్కగా చూపిస్తుంది.