మీటరు రెప్పలు లెక్కపెట్టే కన్ను

ఇంటి కరెంటు మీటరు మీద మిణుకుమనే ఎర్రలైటు పక్కన ఉన్న అంకె ఎప్పుడైనా చదివారా? చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే నడుస్తుంటే ఇంచుమించు సెకనుకోసారి, 10 వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతుంటే 1 నిమిషం 52 సెకన్లకోసారి. ఆ లైటు మీద చిన్న కాంతి సెన్సరును నల్లటేపుతో అంటించి, లెక్కపెట్టే బోర్డుకు కలిపితే ఏ వేళ ఎంత కాలుతోందో తెలిసిపోతుంది. సీలు ముట్టుకోనక్కర్లేదు, వైరు కోయనక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది అదే.

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేలల్లో ఇదే కిటుకు బోరు దగ్గర పనికొస్తుంది. స్టార్టర్ డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం లైట్లు మూడూ వెలిగితే మూడు ఫేజులూ ఉన్నట్టు. తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. కరెంటు ఎన్ని గంటలున్నా ఒక్క ఫేజు పోతే మోటారు కాలిపోతుంది. లైటుకో సెన్సరు పెట్టి, సిమ్ వేసే పరికరానికి కలిపితే చేను దాకా పోకుండానే ఫోనుకు కబురు అందుతుంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోటారు తిరుగుతుండగా ఫేజు పోతే, మోటారులోంచే ఆ తీగకు కరెంటు వెనక్కి వచ్చి లైటు ఆరకపోవచ్చు. అందుకే ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాల్సిందే.

ఇక సెన్సరు సంగతి. మామూలుగా దొరికేది ఎల్‌డీఆర్, అంటే వెలుగును బట్టి నిరోధం మారే బిళ్ల. దాని మీద మెలికలు తిరిగిన గీత కాడ్మియం సల్ఫైడుది. చిత్రకారులు వాడే కాడ్మియం పసుపు రంగు కూడా అదే! చీకట్లో దాని నిరోధం లక్షల ఓమ్‌లు, వెలుగు పడితే వేలకు దిగుతుంది. అయితే అది నిదానం మనిషి లాంటిది. స్టార్టర్ లైటుకు సరిపోతుంది గానీ మీటరు గబగబా కొట్టే రెప్పలకు చురుకైన ఫోటో ట్రాన్సిస్టర్ సెన్సరే మేలు. కాడ్మియం విషం, పాడైన బిళ్లను చెత్తలో పారేయకండి.

వెలుగుకు నిరోధం తగ్గే గుణం బయటపడింది సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల పరీక్షల్లో. సెలీనియం కడ్డీలు పెట్టిన పెట్టె మూత తీస్తే ఒక లెక్క, మూస్తే ఇంకో లెక్క వస్తోందని 1873లో ఆ తీగల ఇంజనీరు విల్లోబీ స్మిత్ ప్రకటించాడు.

ఇదే సెన్సరుతో ఇంట్లో ఇంకో సరదా పరీక్ష: ఫ్రిజ్ తలుపు వేశాక లోపలి బల్బు నిజంగా ఆరుతోందా? లోపల ఒక సెన్సరు పెడితే తేలిపోతుంది.

సెన్సరుకే కాదు, ఆ చేలల్లో పండే పసుపుకూ వెలుతురు పట్టింపు ఉంది. సబ్బుకు లొంగని పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, కుర్కుమిన్ వెలుగుకు విరిగిపోతుంది గనుక. పసుపు పొడి గాజు సీసాను కిటికీలో పెట్టకూడనిది అందుకే.