ఫ్రిజ్ చల్లబడటం లేదా? ముందు మంచు సంగతి చూడండి

బక్రీద్ నాడు ఫ్రీజర్ నిండా మాంసం భద్రపరుస్తాం. వారం తిరగకముందే కింది అరలో పాలు విరుగుతాయి, కూర పులుస్తుంది. పైన మాంసం మాత్రం గట్టిగానే ఉంటుంది. ‘గ్యాస్ అయిపోయింది’ అని చాలామంది వెంటనే తీర్మానిస్తారు. కాని ఆ గ్యాస్ మూసివున్న గొట్టాల్లో తిరుగుతుంది. ఎక్కడో కారితే తప్ప తరగదు. పైఅర గడ్డకట్టి, కిందిఅర వెచ్చబడితే ముందుగా అనుమానించవలసింది డీఫ్రాస్ట్ ఏర్పాటునే.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లదనాన్నిచ్చే కాయిల్ ఫ్రీజర్ వెనుక పలక చాటున ఉంటుంది. ఫ్యాన్ ఆ చలిగాలిని కిందికి పంపుతుంది. తలుపు తీసినప్పుడల్లా చేరే తేమ కాయిల్‌పై మంచుగా పేరుకుంటుంది. కొన్ని గంటలకొకసారి టైమర్ కంప్రెసర్‌ను ఆపి హీటర్‌కు కరెంటు ఇస్తుంది. మంచు కరగగానే బైమెటల్ థర్మోస్టాట్ హీటర్‌ను ఆపుతుంది. వేడి హద్దు మీరితే థర్మల్ ఫ్యూజ్ తెగి ప్రమాదాన్ని నివారిస్తుంది. వీటిలో ఏది చెడినా మంచు గోడకట్టి గాలి దారిని మూసివేస్తుంది.

నిర్ధారణ సులభమే. మాంసాన్ని పొరుగువారి ఫ్రీజర్‌కు చేర్చి, ప్లగ్ తీసి, తలుపులు తెరిచి ఒక పూర్తి రోజు వదిలేయండి. మళ్లీ నడిపితే కొన్ని రోజులు చక్కగా పనిచేసి, తరువాత పాత లక్షణాలే కనిపిస్తే లోపం డీఫ్రాస్ట్‌దే. మంచు కరిగినా చల్లబడకపోతే లోపం వేరే చోట ఉంది, మెకానిక్‌ను పిలవండి.

మంచు తిరిగి పట్టాక, ప్లగ్ తీసి, టైమర్ మరను స్క్రూడ్రైవర్‌తో ‘టిక్’ మనేవరకు తిప్పండి. ఐదు నిమిషాల తరువాత ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ మౌనంగా ఉండి, కాసేపటికి నీరు చుక్కలుగా రాలితే హీటర్ బాగానే ఉంది, మార్చవలసింది టైమర్‌ను. నీరు రాలకపోతే ప్లగ్ తీసి, మంచు పూర్తిగా కరిగించి, పలక విప్పి, ఒక్కో భాగాన్ని విడదీసి మల్టీమీటర్‌తో చూడండి. 230 వోల్టులపై నడిచే 150 వాట్ల హీటర్ సుమారు 350 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే అది తెగినట్టే. ఫ్యూజ్ ఎల్లప్పుడూ కలిసే ఉండాలి. బైమెటల్‌ను ఫ్రీజర్‌లో అరగంట ఉంచి, తీసిన వెంటనే పరీక్షించండి. చలిలో కలిసి, గది వేడిమికి విడిపోతే అది మంచిదే. చెడిన భాగానికి బదులు అదే మోడల్‌ది తెచ్చి వేయండి. నీరు పోయే రంధ్రాన్ని గోరువెచ్చని నీటితో శుభ్రపరచండి. టైమర్‌కు బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నా, వారంటీ మిగిలివున్నా ఫ్రిజ్‌ను విప్పకండి.

రెండు పనులు ఎన్నడూ చేయకండి. మంచును కత్తితో పొడవకండి. గొట్టం చిల్లుపడితే ఫ్రిజ్ మొత్తం పోతుంది, పైగా చాలా కొత్త ఫ్రిజ్‌లలోని గ్యాస్ మండే స్వభావం గలది. తెగిన ఫ్యూజ్‌ను తీగతో కలపకండి. ఇంటిని మంటల నుండి కాపాడేది అదే.

ఇక మాంసం సంగతి. లోపల మంచు పలుకులు మిగిలివుంటే తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగి రెండు గంటలకు మించి బయట ఉన్నదాన్ని మాత్రం, ఎంత ప్రియమైనదైనా, పిల్లల కంచంలో పెట్టరాదు.