కొండకూ కడలికీ నడుమ విడిది: స్థలనిర్ణయం ఎలా?

కార్తీకమాసం వెళ్ళి చలి మొదలయ్యేసరికి నా చికిత్సాలయానికి వచ్చే గృహస్థులు తమ జబ్బుల ప్రస్తావనతోపాటు మరొక ప్రశ్న కూడా వేస్తూంటారు. “శాస్త్రిగారూ, పిల్లలకు సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. అరకు వెళ్ళి అక్కడొక రాత్రి, తిరుగుదారిలో భీమిలి సముద్రతీరాన ఒక రాత్రి గుడారంలో గడపాలని ఉన్నది. అమ్మకు ఉబ్బసం. ఆమెను తీసుకువెళ్ళవచ్చునా?”

తీసుకువెళ్ళవచ్చు. అయితే ఎక్కడ దిగుతారో తెలియకుండా నేను ఆ మాట చెప్పలేను. సత్రంలో దిగినవారికి నాలుగు గోడలు, పైకప్పు, ఎత్తైన మంచం కాపలా కాస్తాయి. గుడారంలో నేల, నీరు, గాలి నేరుగా శరీరాన్ని తాకుతాయి. కనుక గుడారం ఎంత ఖరీదైనదని కాక, దానికి మేకు ఎక్కడ దిగగొట్టామన్నది చూసుకోవాలి. రోగం రావడమూ రాకపోవడమూ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చరకసంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమని ఒక అధ్యాయం ఉన్నది. ఒక ప్రాంతంలోని జనులు వేరువేరు ప్రకృతులవారై ఉండికూడా అందరూ ఒకేసారి జబ్బుపడటానికి కారణమేమి అన్నది అక్కడి ప్రశ్న. దానికి సమాధానంగా వాయువు, జలము, దేశము, కాలము అని నాలుగింటిని చెప్పి, గాలికన్న నీటిని, నీటికన్న నేలను, నేలకన్న కాలాన్ని తప్పించుకోవడం కష్టమని వాటికి తారతమ్యం కూడా నిర్దేశించారు. మహమ్మారుల విషయంలో చెప్పిన ఈ వరుస విడిది ఎంపికకు అచ్చంగా సరిపోతుంది. తప్పించుకోవడానికి వీలులేని దానిని ముందు చూసుకోవాలి. వీలున్న దానిని తరువాత చూసుకోవచ్చు. మనవారు సాధారణంగా తలక్రిందులుగా చేస్తారు. ముందు చల్లని గాలి, కంటికి ఇంపైన దృశ్యం, ఆ తరువాత నీరు, ఆపైన నేల. కాలం సంగతి బడి సెలవుల పట్టికకు వదలివేస్తారు.

ఈ విషయం వివరించడానికి గోస్తనీ నదికన్న మంచి ఉదాహరణ నాకు తోచదు. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల గుండా పారి, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒక్క చిన్న నది వెంట కొండ, మైదానం, కడలి మూడూ దొరుకుతాయి. గురుకులంలో ఉన్న రోజులలో మూలికల సేకరణకు మా గురువుగారి వెంట ఈ కొండలలో అనేక రాత్రులు గడిపాను. ఇప్పుడు చెప్పబోయే మాటలలో సగం శాస్త్రం, సగం ఆయన వెనుక నడచి నేర్చుకున్నవి.

ముందు కాలం. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు. అప్పుడు జలపాతాలు నిండుగా ఉంటాయి గాని, విశాఖ మన్యంలో మలేరియా విజృంభించేదీ ఆ కాలంలోనే, ఆ వెనువెంటనే. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానులవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు నగరం మాత్రమే కాదు, కొండమీద కాఫీతోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ వృక్షాలు సైతం పెద్దసంఖ్యలో కూలిపోయాయి. కొండెక్కితే తుఫాను అందదన్న భావన సరికాదు. మార్చి దాటితే తీరాన ఎండ, ఉక్క. కనుక డిసెంబరు ద్వితీయార్ధం నుండి ఫిబ్రవరి చివరి వరకు, అనగా ఇంచుమించు పుష్య మాఘాలు, గుడారానికి తగిన కాలం. డిసెంబరులో సైతం వాయుగుండాలు లేకపోలేదు; బయలుదేరే ముందు వాతావరణశాఖ సూచన విని తీరవలసిందే. హేమంత శిశిరాలలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. తిన్నది అరుగుతుంది, నడచినా అలసట తక్కువ. నువ్వులు, బెల్లం, నెయ్యి వేసిన వేడి అన్నం ఈ కాలానికి హితవు. చలి మాత్రం తక్కువ అంచనా వేయదగినది కాదు. చింతపల్లి వైపున ఉన్న లంబసింగిలో కొన్ని వేకువలు సున్నా డిగ్రీల దరిదాపులకు వస్తాయి.

ఇక దేశము, అనగా నేల. శాస్త్రం నేలను మూడు తెగలుగా విభజించింది. నీరు, చెట్లు, చెమ్మ అధికంగా ఉండేది ఆనూపం. అక్కడ కఫం ప్రకోపిస్తుంది. వృక్షాలు తక్కువై, పొడిగా, గాలి విసురుగా వీచేది జాంగలం. అది వాతాన్ని పెంచుతుంది. రెండింటి లక్షణాలూ సమంగా ఉన్నది సాధారణ దేశం. సముద్రతీరం ఆనూపమని అందరూ ఎరుగుదురు. కాని ఒకే కొండమీద మూడు దేశాలూ ఉంటాయన్నది చాలమంది గమనించరు. లోయ అడుగు ఆనూపం, శిఖరం జాంగలం, నడిమి వాలుమీద ఉండే మెట్టభూమి సాధారణం. రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి నీరువలె పల్లానికి జారుతుంది. అందుచేత లోయ అడుగున చలి, మంచు, పొగమంచు హెచ్చు. గుడారపు గుడ్డ లోపలివైపు కూడా తడిసిపోతుంది. ఉబ్బసం, పీనసం, కీళ్ళవాతం ఉన్నవారికి అంతకన్న చెడ్డ పడక లేదు. శిఖరం మీద గాలి గుడారాన్ని పెరుకుతుంది, పిడుగుల భయం కూడా ఉన్నది. లోయ నుండి కొంత పైకి వచ్చి, తూర్పుకు వాలిన మెట్టను వెదకండి. ఉదయపు ఎండ ముందుగా అక్కడే పడుతుంది.

మా గురువుగారు విడిదికి ముందు పిడికెడు మట్టి తీసి ఉండకట్టి చూసేవారు. ఉండ గట్టిగా నిలిస్తే ముందుకు నడిచేవారము. వ్రేళ్ళ నడుమ రాలిపోతే మూటలు దించేవారము. నీరు ఇంకిపోయే నేల ఏదో, నిలిచే నేల ఏదో తెలుసుకోవడానికి ఈ పరీక్ష చాలు. తెల్లమద్ది చెట్లు వరుసగా కనిపిస్తే అది వాగు త్రోవ అని ఆయన గుర్తు; మద్ది నీటి ఒడ్డును వదలి పెరగడం అరుదు. పొదలలో, చెట్ల మొదళ్ళలో నడుమెత్తున ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకొని ఉంటే నీరు అంత ఎత్తున వచ్చి వెళ్ళిందన్న మాట.

ఈ గుర్తు తెలియక జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను వైద్యం చేసే ఒక కుటుంబాన్ని కొన్నేళ్ళ క్రితం యాత్రలు నిర్వహించేవారొకరు కొండవాగులోని ఇసుకమేట మీద దించారు. చదునైన తెల్లని ఇసుక, ప్రక్కన మడమలోతు నీరు, పైన నక్షత్రాలు. చూడముచ్చటగానే ఉన్నదట. ఎగువన ఎక్కడో కురిసిన వాన నడిరేయి దాటాక దిగివచ్చింది. అక్కడ చినుకు పడలేదు. పిల్లలను ఎత్తుకొని చీకటిలో గట్టు ఎక్కారు గాని, డెబ్బయి ఏళ్ళ పెద్దాయన ఛాతీవరకు తడిసి, ఆ తడి బట్టలతోనే తెల్లవార్లూ కూర్చున్నారు. ఊపిరితిత్తులలో నిమ్ము చేరి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. బ్రతికి బయటపడ్డారు, అయినా ఆ తరువాత మెట్లెక్కితే ఆయాసమే. చుట్టుప్రక్కల ఊరివారిని ఒక్కమాట అడిగి ఉంటే అక్కడ పశువులను సైతం రాత్రి కట్టరని చెప్పి ఉండేవారు. మన్యంలో విడిది చేసేవారు గ్రామపెద్దల అనుమతి, అడవి అయితే అటవీశాఖ అనుమతి తీసుకోవడం చట్టానికి మాత్రమే కాదు, ఇందుకు కూడా.

పెద్దచెట్టు క్రింద, ఎండుకొమ్మల క్రింద, రాళ్ళు దొర్లిన వాలు క్రింద గుడారం వద్దు. తీరాన కొబ్బరిచెట్టు క్రిందా వద్దు. భీమిలి వైపు సరుగుడు తోపులు హాయిగా ఉంటాయి గాని, నేలనిండా రాలిన ఆకు అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది. అక్కడ పొయ్యి పెట్టరాదు. ఇసుకమీద ఎండిన నాచు, గవ్వలు, చితుకులు గీత గీసినట్లు పేరుకొని ఉంటాయి. నిన్నటి పోటు అంతవరకు వచ్చిందని దాని అర్థం. అమావాస్య పూర్ణిమలకు పోటు ఇంకా హెచ్చు. ఆ గీతకు బాగా ఎగువన, ఇసుకతిన్నెకు వెనుక భాగంలో దిగాలి. చలికాలం చివర ఈ తీరానికి తాబేళ్ళు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి దీపాలు వాటిని దారి తప్పిస్తాయి కనుక వెలుతురు తగ్గించండి. ఎర్రమట్టి దిబ్బలు చూసి రాదగినవే గాని విడిది చేయదగినవి కావు. ఇక సముద్రస్నానం: పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా లోనికి లాగే ప్రవాహాలుంటాయి. జాలరులు స్నానం చేయవద్దన్న చోట చేయకండి.

పాముల సంగతి దాటవేయలేను. పుట్టలు, రాళ్ళగుట్టలు, కట్టెలమోపులు, ధాన్యపు కళ్ళాలు దగ్గరలో లేని చోటు చూడండి. కట్లపాము రాత్రివేళ నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తాయి. అడుగు గుడ్డ కలిపి కుట్టి, జిప్పుతో పూర్తిగా మూసుకునే గుడారమే వాడాలి. కాటు పడితే కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద కట్టి తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. విషచికిత్స మా శాస్త్రంలో ఒక అంగమే. అయినా పసరు మందుల కోసం ఒక్క నిమిషం కూడా వృథా చేయవద్దని స్పష్టంగా చెబుతున్నాను. యాంటీవెనమ్ ఇంజక్షనే శరణ్యం. అరకులోనూ పాడేరులోనూ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. 108కు ఫోను కలవని చోట, బండి రాని చోట కుటుంబంతో విడిది చేయవద్దు.

జలము. కొండ ఊట అనగానే అమృతమని త్రాగేస్తారు. బొర్రా పరిసరాలు సున్నపురాతి నేల. మామూలు నేలలో నీరు మట్టిపొరల గుండా మెల్లగా వడగట్టుకొని దిగుతుంది. సున్నపురాతిలో పగుళ్ళ గుండా, సొరంగాల గుండా గబగబ దిగి, ఎగువన పశువులు త్రొక్కిన నీరు దిగువన ఊటగా బయటపడగలదు. తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనది కాదు. వేగంగా, నిర్మలంగా పారే నదుల నీరు పథ్యమని వాగ్భటుడు చెప్పిన మాట నిజమే. ఎగువన అంత జనసంచారం లేని కాలంలో చెప్పిన మాట అది. నీరు మట్టిగా ఉంటే చిల్లగింజను రాతిమీద నీటితో అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి కదలించి, కొన్ని గంటలు నిలవనివ్వండి. మడ్డి అడుగుకు చేరుతుంది. అయితే చిల్లగింజ తేటపరుస్తుందేగాని సూక్ష్మక్రిములను చంపదు. పైతేటను వంచి, గుడ్డలో వడగట్టి, తెర్లకాగనిచ్చి త్రాగాలి. కాగేటపుడు కాస్త శొంఠి నలగగొట్టి వేస్తే చలికీ, అరుగుదలకూ మేలు. నీటి ఒడ్డుకు 200 అడుగుల దూరాన దిగండి. దోమలు తగ్గుతాయి, అడవిజంతువుల త్రోవకు అడ్డురారు. మలవిసర్జనకు కూడా అంత దూరం పాటించాలి. తాటిపూడి నీరు విశాఖ నగరం త్రాగే నీరు.

వాయువును గురించి చెప్పవలసింది కొద్దిగా ఉన్నది. తీరాన పగలు గాలి కడలి నుండి, రాత్రి నేల నుండి వీస్తుంది. గుడారపు వాకిలి ఈ రెండింటికీ ఎదురుగా కాక ప్రక్కకు ఉండాలి. సాయంకాలం వేపాకు, గుగ్గిలం ధూపం బయట వేసుకోవచ్చు గాని, దోమతెరకు అది బదులు కాదు. అన్నిటికన్న ముఖ్యమైనది: చలికి ఓర్వలేక నిప్పుల కుంపటిని గుడారంలో పెట్టుకొని పడుకోవద్దు. బొగ్గునిప్పు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. నిద్రించినవారు నిద్రలోనే పోతారు. రెండు కంబళ్ళు ఎక్కువ మోసుకువెళ్ళండి, అరికాళ్ళకు నువ్వులనూనె రాసి మేజోళ్ళు వేసుకోండి.

ఉబ్బసం ఉన్న అమ్మగారి మాటకు వస్తాను. ఆమెకు గుడారపు రాత్రి ఒక్కటి చాలు. అది అరకు లోయ అడుగున కాక, తాటిపూడి పరిసరాలలో నీటి అంచుకు ఎడంగా, కొండపాదాన ఉన్న మెట్టమీద అయితే మంచిది. అంత చలీ లేదు, అంత చెమ్మా లేదు. అరకులో ఆమెను గదిలో ఉంచండి. కొండ, కడలి ఒకే రోజున ముగించాలని పరుగెత్తవద్దు. చలిమంట పొగకు దూరంగా కూర్చోబెట్టండి. రాత్రి పెరుగు మాని, ప్రొద్దుగూకక ముందే వేడి భోజనం పెట్టండి. ఆమె వాడుతున్న ఇన్‌హేలరు సంచిలో కాక చేతిలో ఉండాలి. ఘాటు రోడ్డు మలుపులకు వికారపడేవారికి చిన్న అల్లపుముక్క ఉప్పుతో చప్పరించడానికి ఇవ్వండి.

ఇంటికి చేరిన తరువాత వారం మొదలు నెల లోపల ఎవరికైనా చలిజ్వరం గాని, విడువని తలనొప్పితో జ్వరం గాని వస్తే కషాయాలతో కాలయాపన చేయవద్దు. రక్తపరీక్షలో మలేరియా ఉన్నదీ లేనిదీ ఆనాడే తేలుతుంది. ఒక రకం మలేరియా నెలలు గడిచాక కూడా బయటపడవచ్చు. పొదలలో ఉండే కంటికానని పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలవుతుంది. చంకలు, గజ్జలు, నడుము పట్టీ క్రింద సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఉన్నదేమో వెదకి చూడండి. ఆ పెచ్చు లేకపోయినా సరే, వైద్యుడు అడగకపోయినా సరే, మన్యంలో ఫలానా చోట నేలమీద ఇన్ని రాత్రులు పడుకొని వచ్చామని ముందుగా మీరే చెప్పండి.