నీటి లెక్క ఊరి గోడపైకి ఎక్కితే...

అనంతపురం: బోరు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు జిల్లాలో నేటికీ కొబ్బరికాయ, వేపపుల్ల సమాధానం చెబుతున్నాయి. అడుగున ఉన్నది గట్టి రాయి. పగులు తగిలితే నీరు, లేకుంటే అప్పు.

శాస్త్రాన్ని ఉపన్యాసంగా కాక పనిముట్టుగా రైతు చేతికందించిన ప్రయత్నం ఇక్కడ జరిగింది. 2003లో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఏడు జిల్లాల్లో అమలైంది. అందులో అనంతపురం ఒకటి. రైతులే వర్షమాపకం చూశారు, బోరులోకి టేపు దించి నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరి మధ్య గోడపై రాశారు. రాయితీలేవీ ఎర చూపలేదు.

బోరు ధార కొలవడానికి డ్రమ్ము, గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు.

రబీకి ముందు వేసే పంట-నీటి లెక్కే అసలు విషయం. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే 22 లక్షల లీటర్లు. అందులో పదోవంతు ఇంకిందనుకుంటే భూమికి చేరేది 2.2 లక్షలే. రబీలో ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల తడి, అంటే 48 లక్షల లీటర్లు తోడాలి. మడిలో కొంత తిరిగి ఇంకుతుంది, నిజమే. అయినా ఒక్క ఎకరం వరి ఇరవై ఎకరాల ఊటను తాగేస్తుందన్నది ఈ లెక్క సారం. దీన్ని అధికారి చెబితే ఆంక్షగా తోస్తుంది. పొరుగు రైతు వేసి చూపితే చర్చ అవుతుంది.

ఫలితాలపై భిన్నాభిప్రాయాలున్నాయి. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ పథకాన్ని ప్రస్తావించగా, 2012లో ఐడబ్ల్యూఎంఐ-టాటా పరిశోధకులు దాని ప్రభావంపై సందేహాలు లేవనెత్తారు. లెక్క తెలిసినంత మాత్రాన అప్పుల్లో ఉన్న రైతు పంట మార్చలేడు. గిట్టుబాటు ధర కూడా కావాలి.

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవం కోసం పల్లెల్లో ఉండి వెళుతుంటారు. వారు పటాలతో పాటు డ్రమ్ము, టేపు కూడా పట్టుకెళ్లవచ్చు. భూగర్భజల శాఖ ఫీజోమీటర్లలో నమోదవుతున్న మట్టాలను ఆయా ఊళ్ల గోడలపై రాయించవచ్చు. ఖర్చు రంగు డబ్బా మాత్రమే.

గ్రామస్థులతోనే నీటి లెక్కలు వేయించే కేంద్ర పథకం అటల్ భూజల్ 2020లో ఏడు రాష్ట్రాల్లో మొదలైంది. సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటక ఆ జాబితాలో ఉంది. ఆంధ్రప్రదేశ్ లేదు.