'టోటల్ లాస్' అన్న బండి మళ్లీ రోడ్డెక్కొచ్చా? ముందు ఆర్సీ ఎవరి చేతిలో ఉందో చూడండి..

రావులపాలెం దగ్గర హైవే మీద లారీ తగిలి నుజ్జయిన బండి కావచ్చు. లంక గ్రామంలో వరద నీళ్లలో రెండు రోజులు మునిగిన బండి కావచ్చు. షోరూంలో ఎస్టిమేట్ వేశాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చేది ఒకటే మాట.. 'టోటల్ లాస్'. ఇక బండి పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఊళ్లో మెకానిక్ మాత్రం "వారం రోజులివ్వండి గురువుగారూ, రోడ్డెక్కించేస్తా" అంటాడు.

ఇద్దరూ చెప్పేది నిజమే. కంపెనీది డబ్బుల లెక్క, మెకానిక్‌ది ఇనుము లెక్క. మధ్యలో మూడో లెక్క ఒకటుంది. అది రవాణా శాఖ రికార్డు. అక్కడ తేడా వస్తే బండి నడిచినా చట్టం దృష్టిలో అది తుక్కే.

75 శాతం దాటితే చాలు

పాలసీ కాగితం మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. మీ బండికి కంపెనీ కట్టిన విలువ అది. బండి పాతబడే కొద్దీ తగ్గుతుంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం కోత. రిపేర్ ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే బాగు చేయించడం దండగని కంపెనీ తేల్చేస్తుంది. దీన్నే 'కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్' అంటారు.

ఉదాహరణకు లక్ష రూపాయల బండి, కొని రెండున్నరేళ్లు అయిందనుకుందాం. ఐడీవీ 70 వేలు. అందులో 75 శాతం అంటే 52,500. సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోర్క్, ఛాసిస్, ట్యాంక్, హెడ్‌లైట్, వైరింగ్ అన్నీ కొత్తవి రాసి, లేబర్, జీఎస్టీ కలిపి 56 వేల ఎస్టిమేట్ ఇచ్చారు. అంతే, టోటల్ లాస్. అవే సామాన్లు సెకండ్ హ్యాండ్‌లో వేసే బయటి షెడ్డులో ఖర్చు సగానికి సగం తగ్గొచ్చు. మెకానిక్ ధీమా అందుకే.

వరద బండ్లది ఇంకో కథ. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక నడిచినప్పుడు కోనసీమ లంకలు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడైతే దెబ్బతిన్న టూవీలర్‌కు రూ.3 వేలు, ఆటోకు రూ.10 వేలు ప్రభుత్వమే సాయం ప్రకటించాల్సి వచ్చింది. మునిగిన బండికి పైకి గీత కూడా కనిపించదు. లోపల ఇంజన్‌లో బురద, వైరింగ్‌లో తుప్పు. బీఎస్-6 బండికి ఈసీయూ పోతే ఆ ఒక్కదానికే ఎస్టిమేట్ ఎగిరిపోతుంది. నీళ్లు దిగగానే సెల్ఫ్ కొట్టి చూడటం పెద్ద పొరపాటు. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఆ ఒక్క నొక్కుతో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది వరద నష్టం కాదు, మీ చేతులారా చేసుకుందని సర్వేయర్ రాస్తే క్లెయిమ్‌కే ఎసరు.

ఆర్సీతోనా.. ఆర్సీ లేకుండానా?

అసలు మలుపు ఇక్కడుంది. టోటల్ లాస్ అన్నాక సర్వేయర్ ఆ తుక్కుకు ధర కట్టిస్తాడు. దీన్ని సాల్వేజ్ అంటారు. ఆర్సీతో పాటు అయితే ఒక ధర, ఆర్సీ రద్దు చేసి ఒట్టి తుక్కుగా అయితే ఇంకో ధర. మొదటిదే ఎక్కువ పలుకుతుంది.

బండిని మీరే ఉంచుకుంటానంటే ఆ ధర మీ క్లెయిమ్‌లోంచి కోస్తారు. పై ఉదాహరణలో ఆర్సీతో సాల్వేజ్ 18 వేలు అనుకుంటే, 70 వేలలో 18 వేలు, టూవీలర్‌కు తప్పనిసరి కోత 100 పోగా చేతికి 51,900 వస్తుంది. బండి, ఆర్సీ రెండూ మీవే. లోను ఉంటే మాత్రం డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకి వెళ్తుంది. బాకీ తీరాక ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ కొట్టేయించుకోవాలి.

బండిని తిరిగి రోడ్డెక్కించే ఆలోచన ఉంటే సంతకం పెట్టేముందు సెటిల్‌మెంట్ లెటర్ చదవండి. 'ఆర్సీ రద్దు చేయించి ఇవ్వాలి' అని ఉందా, లేదా? చాలామంది డబ్బులు ఎప్పుడు పడతాయా అన్న తొందరలో చూడరు. ఒకసారి రద్దయ్యాక చేసేదేమీ ఉండదు.

రద్దయితే మళ్లీ బతకదు

మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం బండి పూర్తిగా నాశనమైనా, ఇక శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 14 రోజుల్లో లేదా వీలైనంత త్వరగా యజమాని రవాణా శాఖకు చెప్పి ఆర్సీ అప్పగించాలి. ఇక్కడ 'శాశ్వతంగా' అన్న మాట ముఖ్యం. ఖర్చు గిట్టుబాటు కాక టోటల్ లాస్ అయిన బండి వేరు, ఛాసిస్ రెండు ముక్కలైన బండి వేరు. మొదటిది బాగుచేసుకుని నడపొచ్చు. రెండోదానికి వెల్డింగ్ పెట్టి నడిపితే ప్రాణాలతో చెలగాటమే.

రద్దు పొరపాటున జరిగిందనిపిస్తే ఉత్తర్వు అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీల్ చేసుకోవచ్చు. అది దాటితే ఆ ఛాసిస్ నంబర్ కథ ముగిసినట్టే. బండిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవడమే. ప్రమాదం, అగ్ని, వరదలో దెబ్బతిన్న బండ్లను యజమాని స్వయంగా తుక్కు అని రాసిస్తే తీసుకునేలా 2021 స్క్రాపింగ్ నిబంధనల్లోనే ఉంది.

బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు ఇలాంటి బండి కొంటే రికార్డు చూస్తే తెలిసిపోతుంది. అక్కడ 2017 నుంచి ఏ, బీ, ఎస్, ఎన్ అని నాలుగు కేటగిరీలు. ఏ, బీ బండ్లు మళ్లీ రోడ్డెక్కకూడదు. ఎస్ అంటే ఛాసిస్ లాంటి నిర్మాణం దెబ్బతింది, ఎన్ అంటే దెబ్బతినలేదు అని. మన ఆర్సీ మీద అలాంటి ముద్ర ఏదీ పడదు. అమ్మేవాడికి ఇది సుఖం, కొనేవాడికి కష్టం.

షెడ్డు నుంచి బయటికొచ్చే ముందు

ముందు బండి తలకాయ చూడాలి. ఫోర్క్ బిగించే చోట ఛాసిస్ వంగిందా, ముందు చక్రం వెనక చక్రం ఒకే గీతలో ఉన్నాయా? ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే బండి ఒక పక్కకు లాగుతోందంటే పెయింట్ ఎంత మెరిసినా లాభం లేదు.

ఇంజన్ మార్చారా? అయితే రవాణా శాఖకు చెప్పి ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. పాత ఇంజన్ కొన్న బిల్లు, అది ఏ బండిదో ఆధారం దాచుకోండి. దొంగ బండి ఇంజన్ అని తేలితే తిరగాల్సింది మీరే. ఇక ఛాసిస్ నంబర్‌ను గ్రైండర్‌తో చెరిపి వేరేది కొట్టించడం నేరుగా కేసు. టోటల్ లాస్ బండి కాగితాలతో దొంగ బండిని తిప్పే ముఠాలకు కావాల్సింది సరిగ్గా ఇదే.

పాలసీ సంగతి చాలామంది మర్చిపోతారు. టోటల్ లాస్ డబ్బు ఇచ్చాక ఆ పాలసీ మామూలుగా అక్కడితో ముగుస్తుంది. 'కొన్నప్పుడు ఐదేళ్ల థర్డ్ పార్టీ కట్టాం కదా' అని ధీమాగా ఉండొద్దు. అది బతికే ఉందో లేదో కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే కొత్తది కట్టాల్సిందే. 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి రూ.714, జీఎస్టీ అదనం. సొంత డ్యామేజీ కవర్ కూడా కావాలంటే బండిని చూశాకే ఇస్తారు. గతంలో టోటల్ లాస్ అయిందన్న విషయం అడిగితే దాచొద్దు, తర్వాత క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తది తీసుకోవాలి.

ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి రూ.2 వేల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అది చిన్న విషయం. ఎవరినైనా గుద్ది ప్రాణం పోతే లక్షల్లో పరిహారం సొంత జేబులోంచి కట్టాలి. పొలమో ఇల్లో అమ్ముకోవాల్సి వస్తుంది.

తుక్కు కింద అమ్మేశాం కదా అంటే కుదరదు

బండిని ఆర్సీతో సహా తుక్కు కొనేవాడికి ఇచ్చి, ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వచ్చేస్తుంటారు. ఆ బండి బాగై ఎక్కడో తిరుగుతుంటుంది. రికార్డులో యజమాని మాత్రం మీరే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. బండి చేతులు మారుతూ ఎంత దూరం పోయినా, ప్రమాదం జరిగిన రోజున ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదే. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాళ్లకు 30 రోజుల గడువు.

ఇక ఇలాంటి బండి కొనేవాళ్ల మాట. 'పేపర్లన్నీ క్లియర్ బ్రదర్' అనగానే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఆర్సీ యాక్టివ్‌గా ఉందా, లోను ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు ఉందో చూడండి. పాత పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. నాలుగేళ్ల బండికి బోనస్ సున్నా ఉందంటే క్లెయిమ్ ఏదో జరిగి ఉండొచ్చు, లేదా పాలసీ మధ్యలో తెగి ఉండొచ్చు. ఎందుకో అడగండి. హ్యాండిల్ కింద ఛాసిస్ నంబర్ చుట్టూ కొత్త పెయింట్ ఉంటే బేరం ఆపేయండి.

యానాం బండి చవగ్గా వస్తోందంటే ఇంకో మెలిక. పీవై 04 నంబర్ పుదుచ్చేరిది, కాకినాడ పక్కనే ఉన్నా వేరే ప్రభుత్వం. ఏడాదికి మించి ఇక్కడే తిప్పితే అక్కడి నుంచి ఎన్ఓసీ తెచ్చి ఏపీ నంబర్ వేయించుకోవాలి, పన్ను కట్టాలి. రిపేర్ ఖర్చుకు ఇదీ కలిపి చూసుకుంటే చవక బేరం చవకగా ఉండకపోవచ్చు.

ఐడీవీ తగ్గించారనో, సాల్వేజ్ ధర పెంచి కోశారనో అనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో తేల్చకపోతే, లేదా జవాబు నచ్చకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఏపీ, తెలంగాణతో పాటు యానాం కూడా దాని పరిధిలోదే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 155255.