పికప్ బండికి గూడు: ఎన్నుకునే ముందు



అమెరికాలో వున్న పిల్లలు ఫోనులో "అమ్మా, ట్రక్కు కొన్నాం" అనగానే మనకి ఇసక లారీ కళ్ళముందు మెదులుతుంది. అది లారీ కాదు. ముందు భాగం నలుగురైదుగురు కూర్చునే కారు, వెనక భాగం పైకప్పు లేని తొట్టి. దానినే పికప్ ట్రక్కు అంటారు. టెక్సాసు వంటి రాష్ట్రాలలో ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్ళు కూడా దీనినే రోజువారీ బండిగా వాడుకుంటారు. ఆ తొట్టికి అక్కడి పేరు బెడ్. పడక అని కాదు సుమండీ! అయితే తొట్టి మీద ఒక గట్టి గూడు బిగించి, లోపల పరుపు వేసుకుంటే నిజంగానే పడక అవుతుంది. ఆ గూటినే కేంపర్ షెల్ అంటారు. టాపర్ అనీ, కేనపీ అనీ కూడా అంటారు.

సెలవులకి గ్రాండ్ కాన్యన్‌కో, ఎల్లోస్టోన్‌కో వెళ్ళినప్పుడు హోటలు ఖర్చు లేకుండా రాత్రి గడపవచ్చునన్నదే దీని ఆకర్షణ. అక్కడ కాపురాలు చేస్తున్న మన ఆడపిల్లలు, ఇక్కడినుంచి వాళ్ళకి సలహాలు చెప్పే తల్లులు కూడా కొన్ని సంగతులు తెలుసుకోవాలి. కొత్తది ఫైబర్‌గ్లాసుది కొనాలంటే రెండు వేల డాలర్లు దాటుతుంది మరి.

దుకాణంలో ముందు రంగులు చూపిస్తారు. రంగు చివర చూసుకోవలసిన విషయం. దీని కింద ఏం పెడతాం? సామానా, మనుషులా, రెండూనా? ఇది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి.

సామాను కోసమే అయితే పొట్టివాళ్ళకి ఒక చిక్కు వుంది. గూడు లేనప్పుడు పక్కనుంచి చెయ్యి చాపి సంచీ తీసుకోవచ్చు. గూడు వేశాక వెనక తలుపొక్కటే దారి. బండి బ్రేకు వేసినప్పుడల్లా కూరల సంచీ జారి ముందుకి పోతుంది. దాన్ని అందుకోవాలంటే మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళాలి. చీర కట్టుకున్నామా, ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకని పక్క అద్దాలు మొత్తంగా పైకి లేచే రకం అడగండి. జరిగే అద్దాలకంటే ధర ఎక్కువే, అయినా రోజూ సరుకులు మోసేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు. వెనక అద్దం తలుపు పైకి లేచాక ఐదడుగుల మనిషికి దాని పిడి అందకపోవచ్చు. లాగడానికి ఒక పట్టీ కట్టించుకోవాలి. కొనేముందు బండి నడిపే మనిషే డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దంలో వెనక రోడ్డు కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి. మగవాళ్ళు చూసి "బాగానే వుంది" అంటే చాలదు.

ఇక పడుకోవడానికైతే కొలతలే ముఖ్యం. తొట్టి పొడుగు సుమారు ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగులు, ఇలా రకాలుగా వస్తుంది. నాలుగు తలుపుల బళ్ళకి చాలావాటికి ఐదున్నర అడుగులదే వుంటుంది. మనకి సరిపోతుంది, ఆరడుగుల అల్లుడు మూలగా పడుకోవాలి. పెద్ద బళ్ళలో చక్రాల మీది గుబ్బల మధ్య నాలుగడుగుల వెడల్పు వుంటుంది, చిన్న బళ్ళలో అంతకన్న తక్కువ. అంటే ఇది ఇద్దరి చోటు. పసిబిడ్డ మధ్యలో సర్దుకుంటుందేమో గాని, ఎదిగిన పిల్లలుంటే వాళ్ళకి వేరే గుడారం వేయవలసిందే.

వెడల్పు చాలదని కొందరు గుబ్బల పైకి వచ్చేలా చెక్క బల్ల కొట్టిస్తారు. కింద పెట్టెలు, పైన పరుపు. చూడ్డానికి ముచ్చటగానే వుంటుంది. అయితే బల్ల ఎంత పైకి లేస్తే తలకి అంత చోటు తగ్గిపోతుంది. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని, నేలనుంచి నడినెత్తి దాకా టేపుతో కొలవండి. పరుపు మందం కలపండి. ఆ కొలత బల్లకీ గూటి లోకప్పుకీ మధ్య ఇమడకపోతే, లోపల దుప్పటి మడవాలన్నా పిల్లకి పాలు పట్టాలన్నా పడుకునే చెయ్యాలి. కారు కప్పుతో సమానంగా వుండే మామూలు గూడు కాక, కొంచెం ఎత్తుదీ, బాగా ఎత్తుదీ కూడా దొరుకుతాయి. ఎత్తుది కొనేముందు ఇంటి గరాజు తలుపు కొలుచుకోవాలి. అక్కడ చాలా ఇళ్ళకి ఆ తలుపు ఏడడుగులే వుంటుంది.

రకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫైబర్‌గ్లాసుది అందంగా, బండి రంగులో కలిసిపోతుంది. బరువెక్కువ, తియ్యాలంటే నలుగురు పట్టాలి. అల్యూమినియంది తేలిక, సాధారణంగా చవక. సొట్టలు పడుతుంది, చలిరాత్రి మన ఊపిరి తేమే కప్పుకి పట్టి బొట్లుబొట్లుగా మీద పడుతుంది. లోపల గుడ్డ అతికించిన కప్పయితే ఆ బాధ తక్కువ. కాన్వాసుది మడిచి పక్కన పెట్టుకోవచ్చు, కాని దొంగలకి అది అడ్డు కాదు. అపార్టుమెంటులో వుండేవాళ్ళు ఒకటి ఆలోచించుకోవాలి. ఎప్పుడైనా ఫ్రిజ్జో సోఫానో తేవాలంటే గూడు విప్పి ఎక్కడ పెడతారు?

బరువు మాట చాలామంది మరిచిపోతారు. డ్రైవరు తలుపు తీస్తే పక్క చట్రం మీద ఒక కాగితం అతికించి వుంటుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఎన్ని పౌన్లు మించకూడదో అందులో వేస్తారు. 1,400 అని వుందనుకోండి. గూడు 200, నలుగురు మనుషులు 600 పోతే మిగిలింది 600. అందులోనే బల్ల, పరుపులు, స్టవ్వు, బియ్యం, నీళ్ళు. ఐదు గాలన్ల నీళ్ళ డబ్బా ఒక్కటే 40 పౌన్ల పైన తూగుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గూడు వుంది కదా, పరుపు వుంది కదా అని, బండి నడుస్తుండగా పిల్లల్ని వెనక పడుకోబెట్టకండి. అక్కడ సీటు బెల్టు లేదనే సంగతి ఎవరికైనా తోస్తుంది. తోచనిది పొగ. నడిచే బండి వెనక గాలి సుడి తిరుగుతుంది. ఇంజను వదిలిన పొగ ఆ సుడిలో పడి, తెరిచిన అద్దంలోంచో తలుపు సందులోంచో గూట్లోకి చేరుతుంది. పొగ గొట్టం చిల్లుపడితే ఇక చెప్పక్కర్లేదు. అందులోని కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సియాటిల్ వైద్యులు, పికప్ వెనక ప్రయాణం చేస్తూ ఈ విషవాయువు పాలబడిన 20 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. వారిలో 17 మంది గట్టి గూటి కింద వున్నవాళ్ళే. పదిహేనుమందికి స్పృహ తప్పింది, ఒక బిడ్డ ప్రాణం పోయింది. ముందు సీట్లో వున్న తల్లికి బిడ్డ నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది, గమనించండి. "కాసేపే కదా" అని ఇంట్లో ఎవరన్నా సరే, ఈ ఒక్క విషయంలో మొగమాటపడవద్దు.

రాత్రి పడుకున్నాక కూడా చలి అని ఇంజను నడపడం, లోపల స్టవ్వు వెలిగించడం, కుంపటి పెట్టడం పనికిరావు. పక్క అద్దాలు కొంచెం తెరిచి, దోమతెర జాలీ వుండేలా చూసుకోండి. ఈ వాయువుని పసిగట్టి కూతపెట్టే చిన్న పరికరం బ్యాటరీతో నడిచేది దొరుకుతుంది. అది లోపల వుండాలి.

తినుబండారాలు గూట్లో దాచుకోవచ్చా అంటే, అది వెళ్ళే చోటునిబట్టి. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో రాత్రిపూట బండిలో తిండి వుంచకూడదని నియమం. ఎలుగుబంట్లు తలుపులు చీల్చేస్తాయి. అక్కడ ఇనుప పెట్టెలుంటాయి, వాటిలో పెట్టాలి. ఆవకాయ జాడీ మూత ఎంత గట్టిగా బిగించినా మన ముక్కుకే తెలుస్తుందే, ఎలుగుబంటికి తెలియదా?

పాతది కొంటే కొన్ని వందల డాలర్లకే దొరకవచ్చు. కాని పక్కింటావిడ జాకెట్టు మనకి పట్టనట్టే, ఒక బండి గూడు ఇంకో బండికి పట్టదు. కంపెనీ, మోడలు, తయారైన సంవత్సరం, తొట్టి పొడుగు నాలుగూ కలవాలి. దాని వెనక మూడో బ్రేకు దీపం వెలుగుతున్నదో లేదో చూడండి. 1994 మోడలు నుంచి అక్కడి పికప్‌లకి ఆ దీపం తప్పనిసరి, బండికి వున్న దీపాన్ని గూడు మూసేస్తుంది కాబట్టి గూటికీ ఒకటి వుండాలి. తాళాలు తిప్పి చూడండి. తొట్టి అంచుకీ గూటికీ మధ్య రబ్బరు పట్టీ వుంటుంది. ముందు మూలల్లో అది ఎండిపోయి విడిపోతుంది. బిగించాక మీద రెండు బకెట్ల నీళ్ళు పోయించి, లోపల చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే, రబ్బరు మార్చడానికి ఎంతవుతుందో అడిగి ఆ మేరకు ధర తగ్గించమనండి.