కోడి ఓడింది... కత్తి లేచింది!

రెండు పుంజులు. ఒక బరి. చుట్టూ రెండు రాజ్యాల జనం. ఓడినవాళ్లు ఏడేళ్లపాటు ఊళ్లు విడిచి వెళ్లిపోవాలి. అదీ పందెం! మాచర్ల వైపు పుంజు ఓడిపోయింది. బ్రహ్మనాయుడు, మలిదేవాదులు మూటాముల్లె సర్దుకున్నారు. గడువు తీరాక తిరిగొచ్చి తమ భాగం అడిగితే గురజాలలో నాగమ్మ, నలగామరాజు ససేమిరా అన్నారు. రాయబారానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ తర్వాత కారంపూడి నేల ఎర్రబడింది. పన్నెండో శతాబ్దం నాటి ఈ కథ పల్నాట పసిపిల్లాడికి కూడా తెలుసు.

సత్తెనపల్లి దాటి, పిడుగురాళ్ల మీదుగా కారంపూడి వెళ్లే దారిలో మిరపచేలు, పత్తిచేలు చూస్తూ పోయేవారికి ఆ యుద్ధం ఎక్కడో పుస్తకంలో సంగతిగానే ఉంటుంది. కానీ ఒక ఆటలో ఓటమి ఇంత రక్తం దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్నకి జవాబు వెతకాలంటే ఒక ఇంగ్లిషు సినిమా చూడటం మంచిది. పేరు ‘గ్రీన్ స్ట్రీట్’. 2005లో వచ్చింది.

కథ లండన్‌లో. చెయ్యని తప్పుకి హార్వర్డ్ నుంచి గెంటేసిన మ్యాట్ అనే కుర్రాడు అక్క ఇంటికొస్తాడు. బావ తమ్ముడు పీట్ పగలు బళ్లో పాఠాలు చెప్పే మాస్టారు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే మాత్రం వెస్ట్‌హామ్ జట్టు తరఫున కొట్లాడే ముఠాకి నాయకుడు. అవతల మిల్‌వాల్ వాళ్ల ముఠా. ఎప్పుడో జరిగిన గొడవలో కొడుకుని పోగొట్టుకున్న తండ్రి దానికి పెద్ద. బక్కపల్చటి మ్యాట్ మొదటిసారి దెబ్బలు తింటాడు, తనూ నాలుగు వడ్డిస్తాడు. బుద్ధిమంతుడైతే ఆ రాత్రే విమానం ఎక్కాలి కదా... ఎక్కడు! జీవితంలో మొదటిసారి తన వెనక పదిమంది ఉన్నారని అతనికి అనిపిస్తుంది. సినిమాకి అసలు బలం అక్కడే ఉంది. చివరికి పీట్ ప్రాణం పోతుంది. దర్శకురాలు లెక్సీ అలెగ్జాండర్ జర్మనీ అమ్మాయి, కరాటేలో దిట్ట. కొట్లాటల్ని మరీ అందంగా తీసిందన్న నింద ఆమె మీద వెయ్యొచ్చు. అయితే ఆ అందం లేకపోతే కుర్రాళ్లు అటు ఎందుకు పోతారో చూసేవాళ్లకి అర్థం కాదు.

ఇవన్నీ సినిమా కబుర్లేనా? కాదు. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ జట్ల ఫైనల్‌కి ముందు అభిమానులు మీదపడటంతో తొక్కిసలాట జరిగి, గోడ కూలి 39 మంది చనిపోయారు. ఇంగ్లండ్ క్లబ్బుల్ని ఐదేళ్లపాటు యూరప్ పోటీల నుంచి వెలివేశారు. అంత దూరం ఎందుకు, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో 1980 ఆగస్టు 16న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో 16 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లంతా ఆట చూడ్డానికి వచ్చినవాళ్లే!

బిల్ బ్యూఫోర్డ్ అనే అమెరికా పాత్రికేయుడు ఇలాంటి ముఠాలతో కొన్నేళ్లు తిరిగి పుస్తకం రాశాడు. ఈ కుర్రాళ్లు పేదరికం వల్లో, నిరుద్యోగం వల్లో ఇలా అయ్యారని తేల్చడానికి వెళ్లిన మనిషికి చాలామంది దగ్గర మంచి ఉద్యోగాలు, జేబులో డబ్బులు కనిపించాయి. గుంపు ఒక్కసారిగా కదిలినప్పుడు తనక్కూడా మత్తెక్కినట్టు అయిందని ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నాడు.

ఆ మత్తు సంగతి పల్నాటి కథలో ఇంకా పదునుగా ఉంది. బాలచంద్రుడు యుద్ధానికి పోకుండా తల్లి ఐతమ్మ కాపాడుకొస్తుంది. బొంగరాలాడుకునే వయసు. ఆ బొంగరమే ఒక పడుచు కాలికి తగులుతుంది. పెద్దలు పోరులో ఉంటే నీకు ఆటలేమిటని ఆమె దెప్పుతుంది. అంతే, కుర్రాడు ఆగలేదు. వెంట రకరకాల కులాల నేస్తాలు, అన్నదమ్ముల్లా పెరిగినవాళ్లు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. అతను రణంలో చస్తే ఆ పాపం తనకెందుకని బాలచంద్రుడు ఏదో మరిచిపోయానన్న వంకతో వెనక్కి పంపేస్తాడు. మోసం తెలిశాక అనపోతు ఏం చేశాడు? బతికి బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాడా? లేదు. జట్టు తనను వదిలిపెట్టి పోయిందన్న అవమానంతో ప్రాణం తీసుకున్నాడు. శత్రువు ముఖమైనా చూడకుండా పోయిన ప్రాణమది! మ్యాట్‌ని లండన్‌లో కట్టిపడేసినదీ, అనపోతుని ఇక్కడ చంపినదీ ఒకటే.

తెర మీద మాత్రం అనపోతుకి దక్కింది తక్కువే. ‘పల్నాటి యుద్ధం’ రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1947 నాటి చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో కన్నుమూస్తే ఎల్వీ ప్రసాద్ పూర్తిచేశారు. కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1966లో గుత్తా రామినీడు తీసినప్పుడు ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. జనం గుర్తుంచుకున్నది ఆ మీసాల్నీ, ఆ మాటల్నీ.

పౌరుషాల గడ్డ అన్న పేరు పల్నాటికి ఒక రకంగా బరువే. అదే గడ్డకి గుమ్మంలాంటి సత్తెనపల్లిలో 1906లో పుట్టిన వావిలాల గోపాలకృష్ణయ్య ఖద్దరు కట్టి, సత్యాగ్రహాలు చేసి, అక్కడి నుంచే నాలుగుసార్లు శాసనసభకి వెళ్లారు. పల్నాడు అనగానే ఆయన పేరు చెప్పేవాళ్లు ఎందరు? 2024 మే 13న పోలింగ్ రోజునా, ఆ మర్నాడూ జిల్లాలో గుంపులు గుంపుల మీద పడ్డాయి. 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ని బదిలీ చేసింది. ఆ వార్తల్లోనూ మళ్లీ అదే పౌరుషాల గడ్డ!

ఏటా కార్తీక మాసంలో కారంపూడిలో, నాగులేరు ఒడ్డున ఐదు రోజులు వీరుల తిరునాళ్ల జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఇదీ వరస. వీరాచారం ఉన్న కుటుంబాలవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయుధాలు పట్టుకుని వస్తారు. మందపోరు నాడు చాపకూడు. కులం అడక్కుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినాలన్నది బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి. ఇప్పటికీ అలాగే కూర్చుంటారు, తింటారు.

మర్నాడు కోడిపోరు.